మందకెవరు కావలి

మైకు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లిలో పెట్టినా, మా చర్చిలో పెట్టినా అంతే. బడిలో జెండా పండుగకు మైకు తెప్పిద్దామంటే వద్దని పోట్లాడేది నేనొక్కదాన్నే. ఈ టీచరమ్మకు తిక్క అని వెనకాల అనుకుంటారు. అనుకోనీ, నాకేం. పాటను మైకు ఎట్లా మింగుతుందో వాళ్లు చూడలేదు.

ప్రొద్దుటూరులో నా స్నేహితురాలి ఇంట్లో మగ్గం గది ఉండేది. వాళ్లది నేతపని. ఆదివారం మధ్యాహ్నం మగ్గం ఆపితే ఆ గది పాటలకు ఖాళీ అయ్యేది. పులివెందుల దారిలోని ఒక పల్లె నుంచి తత్వాలు పాడే పెద్దాయన, ఆయన భార్య బస్సులో వచ్చేవాళ్లు. గొర్రెలు కాసుకుంటూ పాటలు నేర్చిన మనిషి. నేను ఆయన్ను మామా అనేదాన్ని, ఆమెను అత్తా అనేదాన్ని. జమ్మలమడుగులో మా చర్చిలో ఆరాధన ముగియగానే ప్రొద్దుటూరు బస్సెక్కేదాన్ని. “దేవుని పాటలు ఇంట్లో పెట్టుకోని తత్వాలకు పోతాండాది సూడు” అని మా అమ్మ సణుగుతూనే ఉండేది. ఆమె సణుగుడు ఆమెది, నా బస్సు నాది.

మామ మగ్గం గుంటలోకి కాళ్లు దించి, నేసేవాళ్లు కూర్చునే చోటే కూర్చునేవాడు. మేము చుట్టూ నాపబండల మీద చతికిలపడేవాళ్లం. ఆయన చేతిలో తంబుర, అత్త చేతిలో తాళాలు, అంతే. గట్టిగా పాడేవాడు కాదు. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా మాకు వినబడేది. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా అందరం వంత పట్టాలి, అది ఆ గది పద్ధతి. ఊరికే కూర్చుని వింటామంటే అత్త ఒప్పుకునేది కాదు. “నోరు ఇంటికాడ పెట్టి వచ్చినావేందప్పా?” అని మొహం మీదే అడిగేది. నవ్వుకుంటూ అందుకునేవాళ్లం. అంత హాయి నేను మళ్లీ ఎక్కడా ఎరగను.

అక్కడ పాడేవాటిలో ఒక పాట మామ సొంతంగా కట్టుకున్నది. తోడేళ్లు తిరిగే బీడులో మందకెవరు కావలి, మనకెవరు కావలి అని చరణం చరణానికీ అడుగుతుంది. జవాబు చివర్లోనే వస్తుంది. అక్కడ మామ తంబుర ఆపి, “మా గురుడే కావలి” అని ఒట్టి గొంతుతో అనేవాడు. వెంటనే మేమూ అనేవాళ్లం. నేను మంచి కాపరి మాట వింటూ పెరిగిన క్రైస్తవురాలిని, ఆ మాటకు నాకు గుండె నిండిపోయేది. ఏ వీధి మలుపులో ఎవరి మనుషులు మాటేశారో, ఏ ఊళ్లో నాటుబాంబు పడిందో అనుకుంటూ తిరిగే రోజులవి. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలని బస్సు కోసం పరుగెత్తేవాళ్లం. అయినా పాట నడిచినంతసేపూ నాకు భయం ఉండేది కాదు.

ఎన్నికలొచ్చాయి. ఒక ఆదివారం ఆ పాట నడుస్తుండగానే ఇంటి ముందు జీపు ఆగింది. మెడలో పార్టీ కండువాతో ఒకడు, మా వైపు అందరూ అన్న అని పిలిచే నాయకుడి మనిషి, చెప్పులు కూడా విడవకుండా మగ్గం గదిలోకి వచ్చాడు.

“పెద్దాయనా, నీ కావలి పాట శానా బాగుండాదంట. అన్న ఇనాలంటాండాడు. జీపెక్కు.”

“పాట అయిపోనీప్పా,” అన్నాడు మామ.

“ఆడ పాడుదువులే. చివర్లో గురుడు గిరుడు వద్దు. మా అన్నే కావలి అను, సాలు.”

మామ తల అడ్డంగా ఊపాడు. వాడేమీ అరవలేదు. “నీ కొడుకు గొర్లు తోలుకపోయేది మా అన్న బీళ్లలోకే కదా,” అని మాత్రం అన్నాడు. మేమంతా నాపబండల కేసి తలలు దించుకున్నాం. మామ తంబుర సంకన పెట్టుకుని వెళ్లి జీపెక్కాడు.

మరుసటి వారం నుంచి ఆటోల మీద మైకులు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఏ బస్టాండులో దిగినా టేపులో పట్టుకున్న మామ గొంతే. మా అన్నే కావలి, మా అన్నే కావలి. ఆ గొంతు వెనక డప్పులు, ఈలలు కలిపారు. ఊపిరి చప్పుడు ఎక్కడా లేదు. మా బడిలో పిల్లలు మధ్యాహ్నం అన్నాల దగ్గర కంచాలు వాయించుకుంటూ అదే పాడేవాళ్లు. ఆ అన్న కాపలా ఎలాంటిదో తెలిసిన పెద్దవాళ్లు కూడా తలలూపుతుంటే చూడలేక బస్టాండు వెనక దారిన పోయేదాన్ని.

అవతలి పార్టీవాళ్లేమన్నా తక్కువ తిన్నారా. మగ్గం ఇంటికి వచ్చి, “ఆ ముసిలోన్ని ఈడ పాడిస్తే నీ మగ్గం ఉండదు,” అని చెప్పి పోయారు. నా స్నేహితురాలు పాటలు మాన్పించింది. మగ్గమే వాళ్ల కూడు, ఆమెను తప్పు పట్టలేను. కొన్నేళ్లకు ఆ అన్నే కండువా మార్చుకుని అవతలి పార్టీలో చేరాడు. అదే పాట, అవే ఆటోలు. మగ్గం ఉండదన్న మనుషులే ఇప్పుడు ఆ పాటకు చిందులేశారు. సిగ్గూ శరమూ లేని జన్మలు.

ఇక అడ్డు చెప్పేవాళ్లు లేకపోయేసరికి మగ్గం గదిలో మళ్లీ కూర్చున్నాం. మామ వచ్చి కావలి పాట ఎత్తుకున్నాడు. చివరి మాట రాకముందే గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లలు “మా అన్నే కావలి” అని కేకపెట్టి నవ్వారు. పాపం, వాళ్లకు తెలిసిన పాట అదే. మామ తంబురను గోడకు ఆనించాడు.

“ఈ పాట ఇంగ నాది కాదులేమ్మా,” అన్నాడు నాతో. మళ్లీ దాన్ని పాడలేదు.

ఆయన పోయాడని తెలిసి వాళ్ల పల్లెకు వెళ్లాను. ఇంటి ముందర పడుకోబెట్టారు. పక్కనే పార్టీ ఆటో. నివాళి అంట. చచ్చిన మనిషి తలాపున, ఆయన గొంతుతోనే, మా అన్నే కావలి. అత్త రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. నేను నేరుగా ఆటో దగ్గరికి వెళ్లి మైకు వైరు పీకిపారేశాను.

ఆటోవాడు బిత్తరపోయి చూశాడు. “ఏందక్కా, నువ్వు వాళ్ల పార్టీనా?”

“ఏ పార్టీ లేకుంటే మనిషికి కోపం రాకూడదారా?” అన్నాను. వాడికి అర్థం కాలేదు. మా వైపు కోపానికి కూడా కండువా ఉండాలి మరి.

అంతా సద్దుమణిగాక అత్త తాళాలు తెమ్మంది. కోడలు తెచ్చి ఇచ్చింది. కూర్చున్న చోటి నుంచే కావలి పాట ఎత్తుకుంది. మగ్గం గదివాళ్లం, ఊరివాళ్లం అంతా వంత పట్టాం. చివరి మాట దగ్గర తాళాలు ఆపి మా వైపు చూసింది. మేము అందుకున్నాం.

“మా అన్నే...”

ఒకరిద్దరు కాదు, సగం మంది. ఆ సగంలో నా నోరూ ఉంది.

అత్త తాళాలు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరి మొహమే చూసింది. కళ్లలో నీళ్లు లేవు.

“నోర్లు ఇంటికాడ పెట్టి వచ్చినారా అందరూ?” అంది. “మళ్లా మొదట్నించి పట్టండి.”

మేము మొదటి నుంచి పట్టాం. గురుడి మాట అందరి నోటా సరిగ్గా వచ్చేదాకా ఆమె శవాన్ని లేపనియ్యలేదు.