రష్యా దొర ఇచ్చిన చుట్ట

నాకు నిలకడ తక్కువ. కుర్చీలో కూర్చున్నా కాలు ఆడిస్తూనే ఉంటానని మా ఆయన విసుక్కుంటాడు. మొన్న ఎండాకాలం ఒక నెలపాటు కాలొక్కటే కాదు, మనసూ ఒకచోట ఆగలేదు. భిలాయి ఖుర్సీపార్‌లో మాకో జిరాక్స్ కొట్టుంది. వెనక ఇల్లు, ముందు కొట్టు. ఎవరో ఆధార్ కార్డు రెండు కాపీలు అడిగితే ఆరు తీసిచ్చాను. ఒకాయన చేతిలో ఇంకొకాయన మార్కుల లిస్టు పెట్టి పంపేశాను. కాలుకాలిన పిల్లిలా ఇంట్లోకీ కొట్లోకీ తిరగడమే నా పని. కారణం మా నాన్న నోట్లో తెల్ల మచ్చ.

ఎడమ బుగ్గ లోపల, చిటికెన వేలి గోరంత ఉంది. పళ్ళ డాక్టరు చిన్న అద్దం పెట్టి చూసి, నాన్నతో కాకుండా నాతో మాట్లాడాడు. పొగ పూర్తిగా మానేస్తే తగ్గొచ్చు, నెల రోజుల తర్వాత తీసుకురండి, మానకపోతే మాత్రం ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే అన్నాడు. నాన్నకి ఎనభై ఏళ్ళు. రోజుకి ఆరు చుట్టలు. బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీదే జేబు తడుముకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంత మంట ఎందుకంటే, అమ్మకీ అలాగే మొదలైంది. ఆవిడకి అంగిట్లో. అమ్మది అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు చాలామందికి ఉన్న అలవాటే. గాలికి ఆరదు, బూడిద బట్టల మీద పడదు, రెండు చేతులకీ పని చెప్పుకోవచ్చు. అప్పట్లో సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేవాళ్ళం. అమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ మూసిన నోట్లో నిప్పు పెట్టుకుని ముక్కులోంచి పొగ వదులుతుంటే గోడ అవతల హిందీ పిల్లలు ఎక్కి చూసేవారు. మీ అమ్మ నిప్పు తింటుందట కదా అని బళ్ళో నన్ను ఏడిపించేవారు. నేను సిగ్గుతో చచ్చిపోయి, బడికి రావద్దని అమ్మకి చెప్పేశాను. ఆవిడ రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ పోయి ఆరేళ్ళయింది. అంగిట్లో పుండని తెలిశాక ఏడాది తిరగలేదు.

అందుకని ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రమే నాన్న మీద ఒంటికాలి మీద లేచాను. అరిచాను, బతిమాలాను, అన్నం పెట్టనని బెదిరించాను. ఆయన పెరటి మెట్టు మీద కూర్చుని అంతా విన్నాడు.

"మానీసేస్తానే గుంటా" అన్నాడు చివరికి. "ఒక్కపాలి ఆ రష్యా దొర ఇచ్చిన సుట్ట నాంటిది తెచ్చిపెట్టు. అది కాల్చీసి మరింక ముట్టను."

"ఒట్టు?"

"మీ యమ్మ మీద ఒట్టు."

రష్యా దొర కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాన్న భిలాయి ఉక్కు ప్లాంటులో రిగ్గర్. పెద్ద పెద్ద బరువులకి తాళ్ళూ గొలుసులూ కట్టి, ఎత్తించి, కూర్చోబెట్టే పని. కొత్త మిల్లు కడుతున్న రోజుల్లో ఒక రష్యా ఇంజనీరు కింద పనిచేశాడు. ఒకరోజు టీ వేళ నాన్న చుట్ట వెలిగిస్తే ఆ దొర చెయ్యి చాపాడట. ఒక దమ్ము లాగి, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా దగ్గి, నాన్న వీపు మీద చరిచి నవ్వాడట. దేశానికి తిరిగి వెళ్ళేటప్పుడు చిన్న చెక్క పెట్టె నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. అందులో అయిదు క్యూబా చుట్టలు. ఎండాకాలం ఎండిపోకుండా అమ్మ వాటిని తన చుట్టల్లాగే తడి అరటి డొప్పలో చుట్టి దాచింది. మా ఇంట్లో మామూలుగా ఒకే చుట్ట ఇద్దరూ పంచుకునేవారు. అవీ అలాగే, పండగకొకటి చొప్పున, ఏడాదిపాటు కాల్చారు. తర్వాత ఆ పెట్టెలో అమ్మ సూదులూ దారాలూ పెట్టుకుంది.

ఆ పెట్టె ఇప్పటికీ నా దగ్గరుంది. మూత తీస్తే ఇంకా ఏదో తియ్యటి చెక్క వాసన. దాన్ని చేతిసంచిలో వేసుకుని మర్నాడే రాయపూర్ బస్సెక్కాను.

సిగార్లు అమ్మే కొట్టు ఒకటుందని ఎవరో చెప్పారు. ఏసీ వేసిన అద్దాల గది. చెమటతో తడిసిన కాటన్ చీరలో, యాభై ఏళ్ళ మనిషిని నేను లోపలికి వెళ్ళి సిగార్ కావాలంటే, కొట్టాయన ముందు మా ఆయన కోసం ఎదురుచూస్తున్నట్టు తలుపు వైపు చూశాడు. నేను సూదుల పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాడు. అప్పటి నుంచి నన్ను దీదీ అన్నాడు.

"దీదీ, ఇది క్యూబాది. అసలుది నా దగ్గర లేదు. ఎవరైనా తక్కువకి ఇస్తానంటే అది నకిలీ అనుకోండి. కానీ దానికి దగ్గరగా ఉండేవి ఉన్నాయి" అన్నాడు హిందీలో. క్యూబా విడిచి వెళ్ళిన రైతులు పొగాకు విత్తనం వెంట పట్టుకెళ్ళి చుట్టుపక్కల దేశాల్లో వేశారట. నికరాగ్వాది కొంచెం మిరియాల ఘాటు, హోండురస్‌ది మట్టివాసన, డొమినికన్‌ది మెత్తన. విత్తనం అదే, మట్టి వేరు అని వేళ్ళు తిప్పుతూ చెప్పాడు. మా వాళ్ళు శ్రీకాకుళం నుంచి గోంగూర విత్తనాలు తెచ్చి భిలాయి క్వార్టర్ల వెనక వేసుకోలేదూ, అలాగే అనుకున్నాను. మా అమ్మ ఆ గోంగూర వండిన ప్రతిసారీ పులుపు చాలలేదనే అనేది.

మీ నాన్నగారు తాగినది ఘాటుగా ఉండేదా అని అడిగాడు. నాకేం తెలుసు? నాన్న ఎప్పుడు చెప్పినా "బెమ్మాండంగా ఉండీది" అనడమే. ఆయన నికరాగ్వాది ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఇదే అన్నిటికంటే దగ్గరది అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

సాయంత్రం నాలుగింటికి, షిఫ్టు దిగినవాళ్ళ బళ్ళు సందులోకి తిరుగుతుండగా, నాన్న పెరటి మెట్టు మీద కూర్చుని పాత బ్లేడుతో దాని కొస కోశాడు. వెలిగించాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, కుళాయి దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ గుమ్మంలోకి వచ్చాను.

"కూకోవే గుంటా. నువ్వలా తిరిగితే నాకు పొగ దిగదు."

కూర్చోలేకపోయాను. ఆయన మొహం చూస్తూ ఉన్నాను. మొదటి దమ్ముకి కళ్ళు మూశాడు. దొరికేసిందనే అనుకున్నాను. కానీ సగం దాకా కాల్చి, దాన్ని పక్కన గోడ మీద పెట్టేశాడు. చాలాసేపు దాని వంక చూశాడు.

"అదేనా నాన్నా?"

"ఏటో... కాదులే" అన్నాడు.

నేను ఆ సగం ముక్క తీసి కాలువలో పారేశాను. బాగున్నది ఎవరైనా సగంలో వదిలేస్తారా? మర్నాడు పొద్దున్నే ఆయన మామూలుగా చుట్ట వెలిగించాడు. అడిగితే, నువ్వింకా తేలేదు కదా అన్నాడు.

వారం తర్వాత హోండురస్‌ది వచ్చింది. సగం కాల్చి గోడ మీద పెట్టాడు. కాదన్నాడు. ఇంకో వారానికి డొమినికన్‌ది. సగం, గోడ, కాదు. ప్రతి రోజూ టార్చిలైటు వేసి ఆయన బుగ్గ చూడటం, మచ్చ పెరిగిందో తగ్గిందో తేల్చుకోలేక చేతులు పిసుక్కోవడం. పొగ మాన్పించడానికి పొగ కొనిపెడుతున్నాను కదా, నా బుద్ధి గడ్డి తిందా అని రోజూ అనుకునేదాన్ని. అయినా ఒక్కటి దొరికితే రోజుకి ఆరు ఆగిపోతాయన్న ఆశ వదల్లేదు. డాక్టరు చెప్పిన గడువు నాలుగు రోజుల్లోకి వచ్చేసింది.

రాయపూర్ కొట్టాయనకి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

"దీదీ, మొదటిదే దగ్గరది. నా మాట నమ్మి దాన్నే మళ్ళీ ఇవ్వండి. ఈ ఎండలకి ఎండిపోయి ఉంటుంది. తడి తగిలేలా దాచి ఇవ్వండి."

అప్పుడు నాకు వేరే అనుమానం పుట్టింది. ఫోన్ పెట్టేసి నేరుగా పెరట్లోకి వెళ్ళాను.

"నీకు మానాలని లేదు. అందుకే తెచ్చినవన్నీ కాదంటన్నావు. అదే అని ఒప్పుకుంటే మానీయాల కదా. అమ్మ ఎలగ పోయిందో చూసి కూడా నీకు బుద్ధి రాలేదు" అన్నాను.

నోరు జారాను. ఆయన లేచి లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నేనూ తినలేదు. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

మళ్ళీ రాయపూర్ వెళ్ళి మొదటిదాన్నే తెచ్చాను. పక్కింటి పెరట్లో అరటి డొప్ప అడిగి తెచ్చి, తడిపి, అమ్మ చుట్టినట్టే చుట్టి, సూదులు తీసేసి ఆ చెక్క పెట్టెలోనే పెట్టాను. రెండు రోజులుంచాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన ముందు రోజు, నాలుగింటికి, నాన్న చేతికిచ్చాను. ఈసారి తిరగలేదు. అటూ ఇటూ పోకుండా ఆయన పక్కనే మెట్టు మీద కుడివైపు కూర్చున్నాను. అబద్ధం చెబితే మొహంలో పట్టుకుందామని.

ఆయన వెలిగించాడు. కాసేపటికి ఆయనే ఏదో మొదలుపెట్టాడు. ఆ దొర గొలుసు సరిగ్గా పట్టిందో లేదో చెవి ఆనించి వినేవాడట. నాన్న చెబుతున్నాడు, చూపు ఎదురుగా గోడ మీద ఉంది, పొగ మెల్లగా వదులుతున్నాడు. చుట్ట సగానికి వచ్చింది. చెబుతూ చెబుతూనే, నా వైపు చూడకుండా, చెయ్యి కుడిపక్కకి చాపాడు.

గోడ మీద పెట్టమని ఇస్తున్నాడనుకుని అందుకున్నాను. వేలు చుర్రుమంది. అమ్మా అని చెయ్యి లాగేసుకున్నాను. ఆయన చాపింది నిప్పున్న కొస.

ఎవరికైనా కాలుతున్నది అందిస్తే చల్లటి వైపు అందిస్తాం. కత్తి ఇచ్చినా పిడి వైపే ఇస్తాం. నిప్పు అవతలి మనిషి వైపు పెట్టి ఎవరూ ఇవ్వరు, ఆ నిప్పునే నేరుగా నోటితో అందుకునే మనిషికి తప్ప. నేను కూర్చున్నది అమ్మ కూర్చునే వైపు. మూడుసార్లు గోడ మీద పెట్టిన సగం చుట్టలు, నేను కాలువలో పారేసినవి, నచ్చక వదిలేసినవి కావు. అవి అమ్మ వంతు.

నాన్న తన చేతిని చూసుకున్నాడు. తర్వాత నా వేలు చూశాడు.

"కాలిందేటే" అన్నాడు.

"మొదటి దినం తెచ్చినాను కదా. అదేనా ఆ దొరిచ్చింది?"

"అదే."

"మరి కాదన్నావేటి?"

ఆయన చుట్ట కొసన బూడిద గోడకి రాల్చాడు.

"రుచి అదేనే. సగం కాల్చీసి ఇద్దామని సూస్తే పక్కన ఎవులూ లేరు. కాదనిపించీది. ఇంకోటి తెస్తే అదవుతాదేమో అనుకునీవోణ్ణి."

నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. నెల రోజులు నన్ను పరుగులు పెట్టించాడు, ఆ మచ్చ నోట్లో పెట్టుకుని. అమ్మ మీద నేనెప్పుడూ అంత బెంగ పెట్టుకోలేదని కూడా అప్పుడే తెలిసింది. "నాకియ్యి" అని చెయ్యి చాపాను.

ఆయన ఈసారి దాన్ని తిప్పి, చల్లటి కొస నా వైపు పెట్టి ఇచ్చాడు. తీసుకుని, మెట్టు మీదున్న గ్లాసు నీళ్ళలో ముంచేశాను. చుయ్యిమంది.

"మీ యమ్మయితే ఆర్పీది కాదు" అన్నాడు.

"తెలుసు. అందుకే ఆర్పీసినాను."

ఆయన గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపయ్యాక బనీను జేబులోంచి చుట్టల కట్ట తీసి నా ఒళ్ళో పెట్టాడు. అదీ తడి అరటి డొప్పలోనే చుట్టి ఉంది.

మర్నాడు మచ్చ అలాగే ఉంది. డాక్టరుకి దాచకుండా అంతా చెప్పేశాను. ఆయన నన్ను గట్టిగానే కోప్పడి, ఆఖరి మాటగా ఇంకో నెల గడువిచ్చాడు. నాన్న చుట్ట మాని ఇవాళ్టికి పదకొండో రోజు. నాలుగయ్యేసరికి నాన్న మెట్టు మీద కుడిపక్క జాగా వదిలి కూర్చుంటాడు. నేను కొట్టు మా ఆయనకి అప్పజెప్పి వెళ్ళి అక్కడ కూర్చుంటాను, కాలు ఆడిస్తూనే. ఆయన ప్లాంటు కబుర్లు ఏవో చెబుతూ, మధ్యలో, నా వైపు చూడకుండా ఖాళీ చెయ్యి చాపుతాడు. నేను అందులో రెండు వేరుశనగ గింజలు పెడతాను.