కరియకు పచ్చి లివర్, నాకు హైడాటిడ్ సిస్ట్

ఆ రోజు బాగేపల్లి సంత. మా కిరాణా అంగట్లో జనం ఊపిరాడనివ్వడం లేదు. పై అర నుంచి పెసరపప్పు డబ్బా దించబోతే కుడివైపు పక్కటెముకల కింద బరువుగా పట్టేసింది. పొడిచినట్టు కాదు, లోపలి నుంచి ఎవరో నెడుతున్నట్టు. డబ్బా కింద పెట్టి బియ్యం మూట మీద కూలబడ్డాను.

"గ్యాస్ అయ్యుంటాది, సోడా తాగు" అన్నాడు మా ఆయన గల్లాపెట్టె దగ్గర్నుంచే. ఆయనకు తలనొప్పయినా గ్యాసే, జ్వరమయినా గ్యాసే.

మా అత్త వాము కషాయం కాచింది. ఊళ్లో డాక్టరు గ్యాస్ మాత్రలు రాశారు. ఎండాకాలం పోయి వానలు పడేదాకా అవి మింగుతూనే ఉన్నాను. నాలుగు ముద్దలు తింటే కడుపు నిండిపోయేది. నడుం దగ్గర చీర బిగిస్తే నొప్పి. చివరకు ఒళ్లు మండి, "నీ సోడా నువ్వే తాగు, నేను చిక్కబళ్ళాపురం పోయి స్కానింగ్ చేయించుకుంటా" అన్నాను. ఆయన వెంటనే అంగడికి తాళం వేశాడు. అత్త కూడా చెప్పులు తొడుక్కుంది. అప్పుడు తెలిసింది, వీళ్లూ భయపడుతున్నారని.

స్కానింగ్ చేసే ఆమె మెషిన్ ఒకే చోట తిప్పుతూ ఉండిపోయింది. "లివర్‌లో పెద్ద సిస్ట్, నీటిబుడగ మాదిరి, ఉండాదమ్మా. దాని లోపల ఇంకా చిన్నచిన్నవి ఉండాయి. బెంగళూరులో సర్జన్‌కు చూపించండి" అంది. క్యాన్సరే అనుకున్నాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. రేపు నేను లేకపోతే దానికి జడ ఎవరు వేస్తారని, తిరుగు బస్సులో అదే ఆలోచన.

బెంగళూరులో సర్జన్ చిత్తూరు వైపు ఆమె. సీటీ, బ్లడ్ టెస్ట్ రెండూ చూసి, "క్యాన్సర్ కాదమ్మా, హైడాటిడ్ సిస్ట్. కుక్కల పేగుల్లో ఉండే టేప్‌వార్మ్ అనే బద్దెపురుగు వల్ల వస్తుంది. ఇంట్లో కుక్క ఉందా?" అని అడిగారు.

ఉంది. పేరు కరియ. బొచ్చు రాలిపోయి, ఎముకలు తేలి మా పెరట్లోకి వచ్చిన కుక్కపిల్ల. మొదట్లో పెరుగన్నం పెట్టేవాళ్లం. అంగడికొచ్చే ఒకాయన చూసి, "ఏం శెట్టెమ్మా, పెరుగన్నంతో కుక్కకు బలం యాడ నుంచి వస్తాది? పచ్చి లివర్ వెయ్యి, మిలమిలా మెరుస్తాది" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మాంసం కొట్టు నుంచి గొర్రె లివర్, ఊపిరితిత్తులు వచ్చేవి. నీటిబుడగలున్న ముక్కలు మనుషులెవరూ కొనరు కదా, అవన్నీ కరియకే. నిజంగానే అది మెరిసింది. ఏళ్ల తరబడి దాని వీపు నిమిరి మురిసిపోయాం.

కుక్కకు ఏం పెడతారని డాక్టరమ్మ అడిగేసరికి అత్త నాకన్నా ముందు అందుకుంది.

"మేము శెట్లమమ్మా! కోడిగుడ్డు కూడా గడప దాటనీము."

"మీ సంగతి కాదమ్మా, కుక్క సంగతి."

"దానికి గొర్రె లివరు వేస్తాము."

"ఉడికించేనా?"

"మా పొయ్యి మీద మాంసమా! రామ రామ! పెరట్లో బండ మీద పచ్చిదే వేస్తాము."

డాక్టరమ్మ నవ్వలేదు. "గొర్రె లివర్‌లో ఉండే సిస్టును కుక్క పచ్చిగా తింటే, అది దాని పేగుల్లో పురుగవుతుంది. పురుగు గుడ్లు మలంలో వస్తాయి, బొచ్చుకు అంటుకుంటాయి. నిమిరిన చేత్తో మీరు అన్నం తింటారు, ఆ గుడ్లు లోపలికి పోయి లివర్‌లో సిస్టవుతాయి. మాంసం ముట్టని వాళ్లకూ ఇలాగే వస్తుంది" అన్నారు. అత్త మొహం వాడిపోయింది. పొయ్యి మైలపడకుండా అంత జాగ్రత్తగా కాపాడుకున్నాం, రోగాన్ని మాత్రం నిమిరి నిమిరి తెచ్చుకున్నాం.

ముందు పురుగును చంపే ఆల్బెండజోల్ మాత్రలు. నెయ్యన్నం తిన్నాకే మింగాలి, అప్పుడే ఒంటికి పడుతుందట. తర్వాత ఆపరేషన్. సిస్ట్ తీసేశారు. అయిపోయిందనుకుంటే, పక్కన పెట్టిన డ్రెయిన్‌ గొట్టం నుంచి సంచిలోకి పసుపుపచ్చటి నీళ్లు రావడం ఆగలేదు. "బైల్ లీక్, లివర్ నుంచి పిత్తరసం కారుతోంది. మెల్లగా మానుతుంది, ఓపిక పట్టండి" అన్నారు. ఆ సంచి తగిలించుకునే ఇంటికొచ్చాను. అది ఆగిందనుకుంటే ఎల్ఎఫ్‌టి, అదే లివర్ టెస్టు, పెరిగిందని మాత్రలు ఆపించారు. ఒక మధ్యాహ్నం గోడకు తిరిగి పడుకుని బాగా ఏడ్చాను. ఇంక ఇంతే అనిపించింది. కొన్నాళ్లకు రిపోర్టు నెమ్మదించింది, మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

ఈలోగా ఇంట్లో అందరికీ స్కానింగ్ చేయించాం. దేవుడి దయ, ఎవరికీ ఏమీ లేదు. మా ఆయన మాత్రం, "ఈ కుక్కను యాడన్నా వదిలేసొస్తా" అన్నాడు. నాకు కోపమొచ్చింది. "పచ్చిది పెట్టమని అది అడిగిందా? వదిలేస్తే ఇంకో పెరట్లో చేరుతుంది, ఇంకొకరికి తెస్తుంది. వైద్యం చేయించు" అన్నాను. చింతామణిలో పశువుల డాక్టరు పేగుల్లో పురుగు చావడానికి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేశారు. తరువాత కొన్నాళ్లు దాని మలాన్ని గ్లౌజులు వేసుకుని ఎత్తి లోతుగా పూడ్చమన్నారు. మంచి ముక్కలయినా బాగా ఉడికించే పెట్టమన్నారు, బుడగలున్నవి ఉడికించి కూడా పెట్టొద్దన్నారు.

ఇప్పుడు బాగున్నాను. మొన్న స్కానింగ్‌లో కొత్తవేమీ లేవన్నారు. అంగట్లో కూర్చుంటున్నాను, బరువులు మాత్రం ఎత్తను. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి వెలిసింది. ఎవరూ అడగకుండానే మా అత్త పాత అల్యూమినియం గిన్నె పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, లోపల ఎరుపు పోయేదాకా లివర్ ఉడికిస్తుంది. "తిను, ముదనష్టపుదానా! నీ కోసం నా మడీ ఆచారమూ మంటగలుపుకుంటాండా" అని కరియను తిడుతుంది. నా వైపు మాత్రం చూడదు. చూస్తే ఇద్దరికీ ఏడుపొస్తుందని ఆమెకు తెలుసు.

అన్ని నెలలు గ్యాస్ మాత్రలు రాసిన డాక్టరును నేను తప్పుపట్టను. ఏం తింటావమ్మా అని ప్రతిసారీ అడిగేవారు. అన్నం, పప్పు, చారు అని చెప్పేదాన్ని, కరియ మాట ఎత్తేదాన్ని కాదు. మీరు ఆ తప్పు చేయకండి. మీరేం తింటారో డాక్టరు అడుగుతారు. మీ కుక్క ఏం తింటుందో, అడగకపోయినా చెప్పండి.