డప్పు కాగే వేళ

సరోజన కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. తలుపు పిడులను ఒక్కొక్కటీ తిప్పి చూసి పెట్టెల్లో సర్దడం ఆమె పని. పెద్దగా మాట్లాడదు. పదిహేనేళ్ల కిందట ఆమె పాడుతుంటే హైదరాబాద్‌లో వేలమంది రోడ్డు మీద కూర్చున్నారని పక్కన నిలబడే వాళ్లకు తెలియదు. ఆమె చెప్పలేదు.

అప్పుడు తెలంగాణ కోసం పాడిన బృందంలో గొంతు ఆమెది, డప్పు రాజగోపాల్‌ది. రాష్ట్రం వచ్చింది. బృందం చెదిరింది. రాజగోపాల్ అమెరికా మీదుగా, గ్వెల్ఫ్‌కు ఐదు గంటల దూరంలోని కనాటా అనే ఊరు చేరి టెలికాం ఇంజనీరయ్యాడు. డప్పు అతని దగ్గరే ఉండిపోయింది.

ఏప్రిల్‌లో తెలుగు సంఘం వాళ్లు ఇద్దరికీ ఫోన్ చేశారు. జూన్ మొదటి శనివారం రాష్ట్ర అవతరణ వేడుక, మీరు మళ్లీ కలిసి పాడాలి అన్నారు. హాలు, సౌండు, విందు అన్నీ వాళ్లవే. ఇద్దరూ ఒప్పుకున్నారు.

మే మొదట్లో ఒక సాయంత్రం, సరోజన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే కావ్యశ్రీ మెట్ల మీద కూర్చుని కనబడింది. ఆ పిల్ల చదివిన ప్రైవేటు కాలేజీ కోర్సుకు వర్క్ పర్మిట్ రాదట. చేర్చుకునేటప్పుడు వస్తుందనే చెప్పారు. అలాంటివాళ్లు ఇరవై మంది. మే నెలాఖరుతో అందరి వీసా గడువూ అయిపోతుంది. పద్దెనిమిదో తేదీ శనివారం కాలేజీ గేటు ముందు కూర్చుంటారట.

"స్లోగన్లిస్తే పది నిమిషాలకే గొంతు పోతదక్కా. తర్వాత ఏం చెయ్యాల్నో మాకు తెల్వది," అంది కావ్యశ్రీ.

తర్వాత ఏం చేయాలో సరోజనకు తెలుసు. రాజగోపాల్‌కు ఫోన్ చేసి, ఆ రోజు డప్పుతో రమ్మంది.

"ఎట్లాగూ జూన్‌ల కలుస్తున్నం కదక్కా. కొన్ని వారాలే."

"జూన్‌ల ఈ పిల్లలు ఉండరు తమ్మీ."

"వేడుకల వాళ్ల ముచ్చట గూడ చెప్దాం."

"పోయినోళ్ల ముచ్చట బిర్యానీ తినుకుంట చెప్దామా? అయిపోయినంక పాడితే అది ఫంక్షన్ అయితది."

"ఇరవై తొమ్మిదిన నా సిటిజన్‌షిప్ ఓత్," అన్నాడు రాజగోపాల్. "తొమ్మిదేళ్లు ఎదురుచూసిన. ఎవరన్న ఫోటో తీసి నెట్ల పెడితే? ఏం గాదనే అంటరు అందరు. నాకు భయమైతుందక్కా."

ఒకప్పుడు లాఠీల ముందు వెనక్కి జరగని మనిషి. అప్పుడతనికి ఇరవై మూడేళ్లు. సరోజన అతణ్ణి తప్పు పట్టలేదు.

"కనీసం డప్పన్న పంపు," అంది.

శనివారం సన్నగా చినుకులు పడుతున్నాయి. కాలేజీకి ఎదురుగా, రోడ్డుకు అవతల రాజగోపాల్ కారు ఆగి ఉంది. సరోజన తలుపు తీస్తే కొలిమి సెగ కొట్టింది. అద్దాలన్నీ మూసి, హీటర్ పూర్తిగా పెట్టి, డప్పును ముందు సీట్లో గాలికి ఎదురుగా నిలబెట్టి ఐదు గంటలు నడుపుకుంటూ వచ్చాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తోలు డప్పు కాగితేనే పలుకుతుంది.

"నువ్వు గూడ కాగినవు గదరా," అంది.

"గడ్డిమంట పెడితే ఫైరింజన్ వస్తదక్కా ఈడ. తీసుకపో. నేను కార్లనే ఉంట."

సరోజన తానే వాయిస్తూ పాడింది. డప్పు మీద ఆమె చెయ్యి అంతంత మాత్రమే. అయినా కూర్చున్న పిల్లలు లేచి నిలబడ్డారు. ఒక పాట అయ్యేసరికి చెమ్మకు తోలు సడలి, దెబ్బ అట్టపెట్టె మీద కొట్టినట్టు వినబడింది. కారు దగ్గరికి పరుగెత్తింది. అతడు కాచి ఇచ్చాడు. రెండో పాట. మళ్లీ పరుగు. ఈసారి కావ్యశ్రీ కూడా గొడుగు పట్టుకుని వెంట వచ్చింది.

"ఎంతసేపు అంకుల్? మావాళ్లు మళ్లీ చల్లబడ్డరు."

"కాగాలె కదమ్మా. ఇదేమన్న మైక్రోవేవా?"

వేలితో మీటి చూశాడు. కాసేపాగి మళ్లీ మీటాడు. రెండు వేళ్లతో, తర్వాత నాలుగు వేళ్లతో. సరోజన చేతులు చాచింది. అతడు ఇవ్వలేదు.

"రోడ్డు దాటేలోపు తడుస్తది. మీకు పట్టుకోరాదు."

ఇంజన్ ఆపాడు. జాకెట్ విప్పి డప్పుకు చుట్టి, చంకలో పెట్టుకుని దిగాడు. కావ్యశ్రీ అతని తల మీద గొడుగు పట్టబోయింది.

"నాకు గాదు, డప్పుకు పట్టు."

ముగ్గురూ రోడ్డు దాటారు. గేటు దగ్గర అతడు జాకెట్ తీసి నేల మీద పడేశాడు. మొదటి దెబ్బకే కాలేజీ కిటికీ ఒకటి తెరుచుకుంది. పిల్లల ఫోన్లు పైకి లేచాయి.

రాజగోపాల్ తల వంచుకున్నాడు.

సరోజన ఒక్క క్షణం ఆగి చూసింది, తర్వాత గొంతెత్తింది. వాయించేటప్పుడు అతడు ఎప్పుడూ అంతే, తోలు దగ్గరికి చెవి వంచేవాడు.