పెద్దమ్మకు అప్పిచ్చిన ముక్కు

మా పక్కింటి పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు కొత్తగూడెం బస్టాండులో తెలిసింది. మా ఊరి మీదుగా వచ్చే బస్సు కండక్టరు నన్ను చూసి దిగి వచ్చాడు. "మీ నూనె పెద్దమ్మ పొద్దుగాల పోయిందటనే. నిన్ను జల్దీ రమ్మన్నరు" అన్నాడు. అదే బస్సు తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కాను. ముందు సీట్లో కూర్చున్న ఎవరో ఆడమనిషి తలలోంచి దారి పొడుగునా మల్లె వాసన వచ్చింది. తలలో పువ్వులు లేవు. ఆ వాసన ఏ సీసాలోదో నాకు తెలుసు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. భద్రాచలం నుంచి పర్ణశాలకు పోయే దారిలో మా ఊరు. మా రెండు ఇళ్లకూ మధ్య ఒక వెదురు దడి మాత్రమే ఉండేది. ఆమె తలనూనె చేసి అమ్మేది. నేను బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాస్తాను. నేను బడికి పోయింది తక్కువ, ఈ నాలుగు అక్షరాలూ సొంతంగా కూడబెట్టుకున్నవే. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాసుకోవడం తప్ప వేరే రాత నాకు అలవాటు లేదు. మాటలు అంతకన్నా తక్కువ. "నువ్వు ఒక్క మాట మాట్లాడితే దానికి గూడ రసీదు అడిగెటట్టున్నవ్ రా" అని పెద్దమ్మ నన్ను ఆటపట్టించేది.

ఆమె నూనె కాచే రోజు మా ఇంట్లో కూడా తెలిసేది. పొద్దున్నే గుంటగలగరాకు దంచే చప్పుడు వినిపించేది. ఆ రసాన్ని నువ్వుల నూనెలో పోసి, మందార పూలు, మెంతులు, వాగు ఒడ్డున తవ్వి తెచ్చిన వట్టివేళ్లు వేసి, సన్నటి మంట మీద సాయంత్రం దాకా కాచేది. మంట పెరిగితే పొయ్యిని తిట్టేది. కాగిన నూనెలో దూది వత్తి ముంచి వెలిగించేది. వత్తి చిటపటమంటే ఇంకా నీరుందని మళ్లీ కూర్చునేది. నిశ్శబ్దంగా వెలిగితే దించేది.

ఆ ఇంట్లోకి సబ్బు రాలేదు, పౌడరు డబ్బా రాలేదు. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ. మా ఆవిడ ఒకసారి కొత్త సబ్బు కొని, దాని మీది గులాబీ బొమ్మను మురిపెంగా చూపిస్తే పెద్దమ్మ తిప్పి తిప్పి చూసింది.

"కాయితం మీద పువ్వు బొమ్మ ఉంటే లోపల పువ్వు ఉన్నట్టేనా బిడ్డా?"

"వాసన వస్తున్నది గదా పెద్దమ్మా!"

"వాసన వేరు నుంచి రావాలె, ఆకు నుంచి రావాలె. ఇదెక్కణ్ణుంచి వచ్చిందో నువ్వు చెప్పు, నేను గూడ పెట్టుకుంట."

మా ఆవిడ సబ్బు మాత్రం వాడుకుంది.

పర్ణశాలలో గుడి అరుగు పక్కన పెద్దమ్మ సీసాలు పెట్టుకుని కూర్చునేది. ఎవరైనా "ఇందులో ఏం కలిపారు?" అని అడిగితే వేలు ముంచి ఒక చుక్క నాలుక మీద వేసుకునేది. "నాలిక మీద పెట్టుకోలేనిది నీ నెత్తి మీద ఎట్ల పెడత తల్లీ?" అనేది. ఆమె తల ఎప్పుడూ నిగనిగలాడుతూ ఉండేది. ఆమెకున్న ప్రకటన అదొక్కటే.

ఒక వానాకాలం పెద్దమ్మకు పెద్ద జ్వరం వచ్చింది. దవాఖానాలో కొన్నాళ్లు ఉండి తిరిగి వచ్చింది. జ్వరం పోయింది గానీ దానితోపాటు వాసన కూడా పోయింది. అన్నం మాడుతుంటే ఆమె పొయ్యి పక్కనే కూర్చుని ఉంది. దడి ఇవతలి నుంచి నేను అరవాల్సి వచ్చింది. ఆమె గిన్నెలోకి చూసి, నన్ను చూసి నవ్వింది. "మంచిగనే అయింది. ఇగ నువ్వు స్నానం చెయ్యకున్న నాకు తెల్వదు" అంది.

అప్పటి నుంచి నూనె దించిన ప్రతిసారీ దడి మీదుగా పిలుపు వచ్చేది. "ఒరేయ్ లెక్కలోడా! జర నీ ముక్కు అప్పియ్యి!" నేను వెళ్లి గిన్నె మీద వంగేవాణ్ని. వేరు వాసన తేలిందా, ఆకు పచ్చివాసన పోయిందా, ఎక్కడైనా మాడు తగిలిందా అని అడిగేది. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ని. మాడిందంటే ఆ గిన్నెడు నూనెనూ దీపాలకు పెట్టేసేది. మాటలు రాని నన్ను ఒకరు పిలిచి, నా మాట మీద పని నడపడం నాకు గర్వంగా ఉండేది. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె కొడుకు సారపాకలో కూలి పని మానేసి వచ్చి నూనె అమ్మకం చూసుకోవడం మొదలుపెట్టాడు. సీసాలు ముట్టుకునేది వాడే, పెద్దమ్మ ఊరికే పక్కన కూర్చునేది. చెడ్డవాడు కాదు. ఇద్దరు పిల్లల తండ్రి. యాత్రకు వచ్చే ఆడవాళ్లు సీసా మూత తీసి వాసన చూసి పెట్టేసేవాళ్లు. "అబ్బే, ఆకు పసరు కంపండీ. మా ఆయన గుమ్మంలోకే రానివ్వడు" అని ఒకావిడ అంటే పక్కనున్న వాళ్లంతా నవ్వారు. వాడు తల దించుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు నేను వాళ్లింటి వెనక్కి వెళ్లేసరికి, వడకట్టిన నూనెలో చిన్న సీసాలోంచి ఏదో చుక్కలు చుక్కలుగా వేస్తున్నాడు. ఖమ్మం నుంచి తెచ్చిన మల్లె ఎసెన్సు. వాసన నా ముక్కుకు సూదిలా గుచ్చుకుంది.

"అమ్మకు చెప్పకే అన్నా. నీ కాళ్లు మొక్కుత. ఈ ముక్కోటి దాక చూస్త. నడుస్తలేదే దుకాణం."

నేను చెప్తానని అనలేదు, చెప్పనని కూడా అనలేదు. ఊరుకున్నాను. నేను ఊరుకోవడం ఎవరికీ కొత్త కాదు కనుక వాడు దాన్నే మాటగా తీసుకున్నాడు. పెద్దమ్మ గిన్నె దించినప్పుడు నా ముక్కు అడిగేది, నేను నిజమే చెప్పేవాణ్ని. ఎసెన్సు పడేది ఆ తర్వాత. అలా నన్ను నేను సమాధానపరచుకున్నాను. ముక్కోటి వెళ్లింది, శ్రీరామనవమి కూడా వెళ్లింది. సీసాలు నిలవడం లేదు. "వట్టివేరు గుణం ఇప్పటికి తెలిసొచ్చింది జనాలకు" అని పెద్దమ్మ ఆ ఎండాకాలమంతా సంబరపడింది.

ఆ సంబరాన్ని ఆపిన మనిషి కొత్తగూడెం గని క్వార్టర్ల నుంచి వచ్చింది. ఏళ్ల తరబడి పెద్దమ్మ నూనే వాడే మనిషి. కూతుర్ని వెంట తీసుకొచ్చింది. ఆ పిల్ల నుదురంతా, చెవుల వెనక దద్దుర్లు.

"ఈసారి నూనె పెట్టినకాన్నుంచి గిట్ల అయింది పెద్దమ్మా. ఏమన్న కలిపిన్రా?"

పెద్దమ్మకు కోపం వచ్చింది. "నా చేతిది తప్ప దాంట్ల ఏం లేదు" అంటూ ఆ తల్లి తెచ్చిన సీసాలోనే వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. అక్కడ ఆగిపోయింది. కొంగుతో నాలుక తుడుచుకుంది. నేను దడికి ఇవతల నిలబడి చూస్తున్నాను. నన్ను పిలిచింది. ఈసారి నవ్వుతూ పిలవలేదు.

"ఇటు రా బిడ్డా. నీ ముక్కు అప్పియ్యి."

సీసా నా ముక్కు దగ్గర పెట్టింది. ఆమె భుజం వెనక కొడుకు నిలబడి ఉన్నాడు. వాడు నన్నే చూస్తున్నాడు. వాడి చంకలో వాడి చిన్న కూతురు.

"వట్టివేరు వాసనే పెద్దమ్మా," అన్నాను.

పెద్దమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆ తల్లి వైపు తిరిగింది. "ఇన్నవా? ఈయన అబద్ధమాడడు. లెక్కలు రాసెటాయన" అంది. ఆ తల్లి నా మాట నమ్మి, పిల్ల చెయ్యి పట్టుకుని, ఆ సీసా సంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్లింది. మా వీధి మలుపు తిరిగే దాకా ఆ పిల్ల నుదురు గోక్కుంటూనే ఉంది.

ఆ తర్వాత పెద్దమ్మ ఎప్పుడూ నా ముక్కు అడగలేదు. చేతులు వణుకుతున్నాయని నూనె కాచడం కొడుక్కి వదిలేసింది. మోకాళ్ల నొప్పులని పర్ణశాల వెళ్లడం మానేసింది. నాలుక మీద చుక్క వేసుకోవడం మళ్లీ నేను చూడలేదు. తల మీదికి కొంగు కప్పుకోవడం అలవాటు చేసుకుంది. వయసు మీద పడిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, పిలుపు రాకపోవడం నాకు హాయిగా ఉండేది. దడి మీదుగా ఎప్పటిలాగే పలకరించేది. మా పిల్లలకు సున్నిపిండి కలిపి పంపేది. ఒక్క మాట తేడాగా అనలేదు. అందుకే ఆమెకు తెలియదనుకున్నాను.

ఆమె పోవడానికి నెల ముందు మంచం పట్టినప్పుడు చూడ్డానికి వెళ్లాను. నేను తుమ్మాను. జలుబు చేసిందని చెప్పాను.

"నీ ముక్కు మంచిగ పనిచేస్తున్నదా బిడ్డా?"

"చేస్తున్నది పెద్దమ్మా."

"పైలం. ఒక్కసారి పోతే మల్ల రాదు."

తన జ్వరం గుర్తుకొచ్చి చెప్పిందనుకుని తల ఊపి వచ్చేశాను.

ఆ రోజు కొత్తగూడెం నుంచి నేను చేరేసరికి వాకిట్లో స్నానానికి కాగు పెట్టారు. ఆడవాళ్లు చీరలు అడ్డం పట్టారు. "తలకు నూనె తెండి. ఆమె నూనే తెండి, ఊరందరికి పెట్టింది" అని లోపలి నుంచి ఒక ముసలామె కేక వేసింది. కొడుకు అలమారలోంచి సీసా తెచ్చాడు. మూత తీశాడు. వాకిలంతా మల్లె వాసన కమ్మింది. వాడు అక్కడే ఆగి, తల ఎత్తి నన్ను చూశాడు.

"అది వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపు చూశారు. "మా ఇంట్ల ఉత్త నువ్వుల నూనె ఉన్నది. తెస్త."

వాడు మూత పెట్టేశాడు.

నేను గిన్నెతో వచ్చేసరికి ముసలామె చీరల వెనక పెద్దమ్మ జుట్టు విప్పుతూ ఎవరితోనో అంటోంది. "గిదేందే, తల గడ్డి లెక్క ఎండిపోయింది! ఊరందరికి నూనె చేసిన మనిషి. ఎన్నేండ్లయిందో చుక్క పెట్టుకోక."

ఆ దద్దుర్ల పిల్ల వచ్చిన రోజు నుంచి. అది నాకొక్కడికే అర్థమైంది. పక్కన నిలబడ్డ కొడుకు ముఖం చూస్తే, వాడికి కూడా.

చీర సందులోంచి ఒక చెయ్యి వచ్చి గిన్నె అందుకుంది. కాసేపటికి అదే చెయ్యి ఖాళీ గిన్నెను బయటికి చాపింది. "పోసింది పోసినట్టే గుంజుకుంటున్నదయ్యా. ఇంకింత తే," అంది ముసలామె. నేను మళ్లీ ఇంటికి వెళ్లి గిన్నె నింపుకొచ్చాను. దానికీ నువ్వుల వాసన తప్ప వేరే వాసన లేదు. చీరల అవతల ఆ తల దాన్ని కూడా తాగింది. గిన్నె మళ్లీ బయటికి వచ్చింది.