తై చీకి నేను కలిపిన శబ్దం

మోకాళ్లు పట్టేసి అంగడి మెట్లెక్కడం కష్టమైనప్పుడు, డాక్టరు నన్ను తై చీ నేర్చుకోమన్నాడు. చైనావాళ్ల కసరత్తు, నీళ్లలో నడిచినట్టు నిదానంగా చేస్తారు, నీ వయసుకి అదే సరి అన్నాడు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లేలిన మా తమిళ ఊళ్లో, ఒర్లియంపేటలో మాది ఫ్యాన్సీ సామాన్ల అంగడి. పొద్దస్తమానం క్లిప్పులు, రిబ్బన్లు తీసి చూపించేవాడికి నిదానం యాడినుంచి వస్తుంది?

బీచ్ రోడ్డులో తెల్లవారగానే ఒక ఫ్రెంచి ముసలామె నేర్పుతుందని తెలిసి పోయాను. ఆమెకి తమిళం రాదు, ఇంగ్లీషు అరకొర. నాకు ఫ్రెంచిలో 'బోంజూర్' దాటి ముక్క రాదు. ఆమె చెయ్యెత్తితే మేమూ ఎత్తేవాళ్లం. నా దగ్గరికొచ్చినప్పుడు మాత్రం నా భుజం మీద రెండు వేళ్లు పెట్టి, "మూ... మూ..." అనేది. ఊపిరి వదిలేటప్పుడు చేయాల్సిన శబ్దం కాబోలు అనుకున్నాను. యోగాలో ఓంకారం లేదా, ఇదీ అట్లాంటిదే.

మర్నాటి నుంచి చేతులు దించినప్పుడల్లా పొట్టలోంచి "మూ..." అన్నాను. ఆమె ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించి నాకు నమస్కారం పెట్టింది. మెచ్చుకుందనుకుని గొంతు పెంచాను. నా పక్కన నిలబడే రిటైర్డు లెక్చరరు కూడా మొదలుపెట్టాడు. ఆయన వెనకుండే ఇద్దరు అక్కచెల్లెళ్లూ అందుకున్నారు. నెల తిరిగేసరికి వాకింగ్‌కి వచ్చేవాళ్లు మమ్మల్ని చూసి రోడ్డు అవతలి పక్కకి పోయేవాళ్లు.

ఒకరోజు మేడ మీద సాధన చేస్తుంటే మా ఆవిడ బట్టలారేయడానికి వచ్చింది.

"ఏందిది, ఆవు మాదిరి అరస్తా ఉండారు?"

"చైనా శాస్త్రం. నీకు తెలీదులే."

"చైనాలో ఆవులు కూడా ఇట్లనే అరస్తాయా?"

ఆ ఏడాది సరుకు చూసుకురావడానికి పెనాంగ్ పోయాను. హోటలు ఎదుటి పార్కులో ఒక చైనా తాత తై చీ నేర్పుతున్నాడు. తమిళుల అంగళ్ల మధ్య పెరిగాడంట, చక్కగా తమిళం మాట్లాడతాడు. వెనక వరసలో చేరి, చేతులు దించుతూ "మూ" అన్నాను. అందరూ ఆగిపోయారు. తాత చుట్టూ చూసి, పార్కులోకి ఆవెట్లా వచ్చిందని అడిగాడు. నేనే అని చెయ్యెత్తాను.

"కడుపు నొప్పా?"

"కాదు మాస్టారూ, మా ఊరి పద్ధతి."

"అట్లయితే మీ ఊళ్లో చేసుకో. ఇక్కడ పావురాలు భయపడతాయి."

నోరు మూసుకుని చేస్తే ఊపిరాడలేదు. అంత అలవాటైపోయింది.

తర్వాతి సరుకు ప్రయాణం సైగాన్‌కి. అక్కడి పార్కులో నేర్పేది మా అమ్మ వయసున్న ఆమె. నాకు కూడా ఒక ఎర్ర విసనకర్ర ఇచ్చింది. దాన్ని మూతికి అడ్డం పెట్టుకుని చిన్నగా "మూ" అన్నాను. ఆమె చెవి మహా చురుకు. దగ్గరికొచ్చి ఇంగ్లీషులో అడిగింది.

"నీకు ఫ్రెంచి వచ్చా?"

"రాదమ్మా."

"మరి మెత్తగా, మెత్తగా అని ఎవరికి చెప్తున్నావు?"

అక్కడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్లే ఏలారు, ఆమె చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదువుకుందంట. ఫ్రెంచిలో 'మూ' అంటే మెత్తన. భుజాలు బిగపట్టకుండా మెత్తగా వదిలెయ్యమని మా టీచరు అన్నాళ్లూ మొత్తుకుందన్నమాట! సంగతంతా చెప్పేసరికి ఆ పెద్దామె నవ్వు ఆపుకోలేక బెంచీ మీద కూలబడింది. తేరుకుని, వాళ్ల భాషలో తక్కినవాళ్లకి చెప్పింది. నేను బయల్దేరుతుంటే అంతా కలిసి "మూ..." అంటూ విసనకర్రలూపి సాగనంపారు.

ఊరికి రాగానే ఫ్రెంచి టీచరుకి విషయం చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది.

"మీకు ఆవు దేవుడు కదా! మీరు ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. గౌరవంగా ఉంటుందని ఇంట్లో నేనూ అంటున్నాను."

లెక్చరరు మాత్రం ఒప్పుకోలేదు. ఆ శబ్దంతోనే తన గ్యాస్ బాధ పోయిందనీ, ఎవరు చెప్పినా మానననీ తేల్చేశాడు. టీచరు ఆయన్ని చివరి వరసకి పంపింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఆయన వెంటే పోయారు. ముందు వరసలో ఇప్పుడు నేనొక్కణ్ణే, భుజాలు వదిలేసి, నోరు మూసుకుని చేస్తున్నాను. వెనక వాళ్లు ముగ్గురూ హాయిగా ఉన్నట్టున్నారు.