ఎండుచేపల గంపకు ఆధారం

మాది ఒడిశాలోని బరంపురంలో మూడు తరాలుగా పప్పుదినుసుల హోల్‌సేల్ వ్యాపారం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ గల్లాపెట్టె దగ్గర కూర్చుని నేను ఫోనులో చేసే పని చూస్తే మా ఆయనకు ఒళ్ళు మండేది. జీతమా, పేరా, ఎందుకింత పట్టింపని సణిగేవారు. నేను చేస్తున్నది అంతర్జాలంలో ఎవరికి వారు స్వచ్ఛందంగా, అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో మా ఊరి సిటీ బస్సుల గురించి తెలుగు వ్యాసం. పెద్ద నగరాల మెట్రో రైళ్ళకు చదివినా తరగనంత వ్యాసాలున్నాయి. మా బస్సుకున్నవి రెండే వాక్యాలు, అందులో ఒకటి తప్పు. అది చూసిన రోజే నాకు పంతం పుట్టింది.

పంతం నాదైనా పని ముగ్గురిది. మా వీధి చివర ఉండే రిటైరైన ఒడియా లెక్చరర్ గారు అదే వ్యాసాన్ని ఒడియాలో రాసేవారు. పాత్రపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఒకమ్మాయి మా ఇద్దరి వ్యాసాలకూ ఫొటోలు తీసి పెట్టేది. ఆదివారాలు కొట్టు మూసి ఉంటుంది కాబట్టి మా కొట్టరుగు మీదే కలిసేవాళ్ళం. ఏ స్టాపు పేరు రాయాలన్నా మాలో ఇద్దరు అక్కడ బస్సు దిగి చూసి రావాలని నియమం పెట్టుకున్నాం. ఆ నియమం ఊరికే రాలేదు. మొదట్లో రెండు వ్యాసాలకూ కలిపి పెట్టుకున్న జాబితాలో ఒక స్టాపును మా షావుకార్ల ఇళ్ళలో పిలిచినట్టు, ఎప్పుడో మూతపడిన చింతపండు గోదాం పేరుతో నేను చేర్చాను. అదే స్టాపును ఒడియావాళ్ళు పిలిచినట్టు అక్కడి మఠం పేరుతో సార్ చేర్చారు. మా వ్యాసంలో బస్సు ఒకే చోట రెండుసార్లు ఆగింది. నర్సమ్మాయి ఆ చోట నిలబడి ఫోన్ చేసి, రెండో స్టాపు ఎటువైపు పిన్నీ అని అడిగినప్పుడు గానీ మాకు తెలియలేదు.

ఆ తరువాత ప్రతి దారినీ నేను స్వయంగా తిరిగాను. ఒకసారి ఛత్రపురంలో చుట్టాలింట పడుకుని, మా ఊరికి వచ్చే పొద్దుటి మొదటి బస్సెక్కాను. వెనుక వరుసలో తప్ప చోటు లేదు. అక్కడ సముద్రపొడ్డు ఆర్యపల్లి నుంచి వచ్చిన ఒకావిడ, ఇంచుమించు నా వయసుదే, మా ఊరి బజారులో అమ్మే ఎండుచేపల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. గంపకు ప్లాస్టిక్ పట్టా చుట్టి తాడుతో బిగించి ఉంది. మేం నీచు ముట్టనివాళ్ళం. వాసన తగలకపోయినా చేపలని తెలియగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ అది చూసి కిటికీ పక్క చోటు నాకిచ్చింది.

కాసేపటికి అడిగింది. "ఏటమ్మా, బస్సు ఆగినప్పుడల్లా బయటికి సూసి ఫోనులో ఏటో కొడతన్నావు?"

బస్సు ఎక్కడ ఆగుతుందో, అందులో ఏమేం తీసుకెళ్ళవచ్చో ఎవరైనా ఫోనులో చూసుకునేలా రాస్తున్నామని చెప్పాను.

"అయితే మా గంపల సంగతి కూడా రాయి, సావుకారమ్మా. ఆటోవోడు ఎక్కించుకోడు. ఈ బస్సు పోతే మా బేరం పోయినట్టే. పాత కండక్టరు ఎనక సీటు మాకొగ్గేసీవోడు. ఇప్పుడొచ్చినోడు రోజూ దిగిపొమ్మంటన్నాడు. ఫోనులో ఉందనుకో, సూపించి నోరు మూయిస్తాను."

ఆ మధ్యాహ్నమే రాశాను. పొద్దుటి మొదటి బస్సులో ఎండుచేపల గంపలను వెనుక వరుసలో అనుమతిస్తారు, అని. వారం తిరక్కుండానే, ఏ ఊళ్ళో ఉంటారో కూడా తెలియని మాలాంటి రచయిత ఒకరు ఆ వాక్యం పక్కన 'ఆధారం చూపాలి' అని తగిలించారు. కళ్ళారా చూసి రాసినది చెల్లదని, ఎక్కడైనా అచ్చయి ఉండాలని మా అందరి ఒప్పందం. ఆ ముద్ర నేను ఎంతోమంది రాతల మీద కొట్టాను. నా రాత మీద పడేసరికి మాత్రం మండిపోయింది. సరే, ఆధారమే కావాలి కదా, పాతాళంలో ఉన్నా తెస్తానని కొంగు బిగించాను.

తెలుగు పత్రికలు నేను, ఒడియా పత్రికలు సార్ వెతికాం. గంపల ఊసు ఎక్కడా లేదు. చివరికి బస్సుల ఆఫీసుకే వెళ్ళాను. అక్కడి గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి, ప్రయాణికుల నిబంధనలు అచ్చువేసిన కాగితం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చేదాకా ఆగలేక మెట్ల మీదే చదివాను. దుర్వాసన వచ్చే సరుకును బస్సులోకి తేరాదు, అని ఉంది.

ఆదివారం అరుగు మీద పెద్ద వాదన జరిగింది. "వెతికింది మీరే. దొరికినదాన్ని రాయాలి" అన్నారు సార్, ఒడియాలో, నెమ్మదిగా.

"రాస్తే ఆ కండక్టరు దాన్నే సూపించి దింపేస్తాడు పిన్నీ" అంది నర్సమ్మాయి. "ఇది మనల్నెవురు అడిగినారు? ఊరుకుంటే పోద్ది."

ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు కాబట్టి. ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ నాకు అనుకూలమైన నిజాలే రాసేటట్టయితే ఇన్నాళ్ళూ ఎండలో స్టాపు స్టాపుకూ దిగి తిరగడం దేనికి? నా వాక్యం నేనే తీసేశాను. నిషేధం రాసి, కింద ఆధారం పెట్టాను. ఏడుపొచ్చింది. ఆ సంగతి ఆవిడకు నా నోటితోనే చెప్పాలని మర్నాడు బజారుకు వెళ్ళాను.

ఆవిడ చేపలు కుప్పలు పోస్తూనే విన్నది. "అయితే ఇన్నేళ్ళు నానెక్కిన బస్సు నానెక్కనట్టేనా?"

"రాతలో అంతే."

"ఆ రాత రాసినోళ్ళ కాడికే ఎల్దాం పద."

నేను వెంట వెళతానని తెలిసి సార్ హెచ్చరించారు. ఒక పక్షాన నిలబడినవాళ్ళు ఆ విషయం మీద వ్యాసంలో చెయ్యి పెట్టకూడదు, అది మన పద్ధతి, ఆలోచించుకోండి అన్నారు. నేను పెంచిన వ్యాసం అది. అయినా ఆ భాగం ఇక ముట్టనని అక్కడే చెప్పేశాను.

ఆర్యపల్లి ఆడవాళ్ళూ నేనూ ఆ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో. ఆఫీసరుగారు లేరు, మీటింగులో ఉన్నారు, రేపు రండి. ఒకరోజు ఎట్టకేలకు అధికారి లోపలికి పిలిచాడు. వాసన, తోటి ప్రయాణికులు, ఫిర్యాదులు అంటూ చాలాసేపు చెప్పాడు. అంతా అయ్యాక ఆవిడ తన పక్కన పట్టా చుట్టి బిగించిన మూట చూపించి, "గంప ఇందాకటి నుంచీ తమరి బల్ల పక్కనే ఉంది బాబూ" అంది. అతను కుర్చీ వెనక్కి జరిపాడు. తరువాత నవ్వాడు.

కొన్నాళ్ళకు బస్సులో కొత్త నిబంధన కాగితం అంటించారు. దాని గురించి ఒక ఒడియా పత్రికలో చిన్న వార్త కూడా వచ్చింది. వ్యాసంలో దాన్ని నేను చేర్చలేదు. నన్ను ఆధారం అడిగిన ఆ తెలియని రచయితే ఆ వార్తను ఆధారంగా పెట్టి రాశారు. గట్టిగా కట్టిన ఎండుచేపల గంపలను పొద్దుటి మొదటి బస్సులో వెనుక వరుసలో అనుమతిస్తారు, అని. నేను తీసేసిన వాక్యానికి ఇంచుమించు జోడీ. ఫోను పట్టుకుని బజారుకు పరుగెత్తినట్టే వెళ్ళాను.

ఆవిడకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను.

"మాపటి బస్సు సంగతి లేదేటి?"

లేదన్నాను.

"పొద్దున ఎక్కించుకుని మాపు ఒగ్గేస్తారా? అమ్ముడవని సరుకు నెత్తినెట్టుకుని ఇంటికి నడిసెల్లాలా?" ఈగలు తోలుతూ నా వైపు చూసింది. "రేపు మళ్ళీ ఎల్దాం సావుకారమ్మా. నువ్వు రాయకపోయినా పరవాలేదు, రా."

వెళ్ళాను.