గుల్లబారని గోడ

సముద్రం ఒడ్డున ఉన్న ఆ కోటని ఒక దేశపు దొరలు కట్టుకుంటే, ఇంకో దేశపు దొరలు పదకొండు ఓడలేసుకొచ్చి, నెలల తరబడి ఫిరంగులు పేల్చి లాక్కున్నారు. మా తాతయ్య మాత్రం ఒక్క తాపీ పట్టుకెళ్లి, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా జయించేశాడు.

ఊళ్లో ఆయన్ని అద్దాల మేస్త్రి అంటారు. ఆయన సున్నం పూత పూసిన గోడ ముందు నిలబడి తల దువ్వుకోవచ్చట. ఆ మాట అమ్మమ్మది. తాతయ్యకి దువ్వుకోవడానికి జుట్టు లేదు కాబట్టి నిజమో కాదో తేలలేదు.

అలాంటి మనిషి నెలకోసారి ఉతికిన చొక్కా వేసుకుని, పిడుగు అనే మనవరాల్ని వెంటబెట్టుకుని కోటకి వెళతాడు. తను పని చేసిన చోటికే టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళతాడు. బురుజులు చూడడు, ఫిరంగులు చూడడు. నేరుగా ఖైదీల గదిలోకి పోయి సముద్రం వైపు గోడని వేలి కణుపుతో కొడతాడు. చెవి ఆనించి వింటాడు. గోడ నున్నగా ఉందని కొత్తజంటలు దానికి ఆనుకుని ఫొటోలు దిగుతుంటే తల తిప్పుకుంటాడు.

పూత గోడ నుంచి విడిపోతే లోపల గుల్లబారి, కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఏ మేస్త్రీ అయినా తన పూత గుల్లబారకూడదని కోరుకుంటాడు. గుల్లబారాలని కోరుకునే మేస్త్రి లోకంలో ఈయనొక్కడే.

"ఊడదు తాతయ్యా, పద. నీ పనితనం అలాంటిది మరి," అంటుంది పిడుగు.

"నోర్ముయ్యవే," అంటాడాయన.

సంగతేమిటో ఒకరోజు పోరు పడలేక చెప్పాడు. ఇరవై రెండేళ్ల కిందట, కోట మరమ్మతులప్పుడు, పూతకి ముందు ఆ గోడ మీద నీళ్లు చల్లాడు. తడిసేసరికి గీతలు పైకి తేలాయి. మేకుతో గీసిన పడవలు, ఒకదాని పక్కన ఒకటి. వాటి కింద రోజుల లెక్క కాబోలు, బారులు బారులుగా గాట్లు. దొరలు బంధించిన మనుషులు గీసుకున్నవని చదువురాని తాతయ్యకీ అర్థమైంది. వెళ్లి ఇంజినీరుని పిలుచుకొచ్చాడు.

"పిచ్చిగీతలు. రేపు పెద్దవాళ్లొస్తున్నారు, నున్నగా చేసెయ్," అన్నాడాయన.

కాదంటే పని పోతుంది. అప్పుడు తాతయ్య ఒక దొంగ ఎత్తు వేశాడు. పూత పట్టాలంటే ముందు గోడకి ఉలితో గాట్లు పెట్టాలి. ఆ ఒక్క గోడకి పెట్టలేదు. నాలుగు వానలకి పూత తనంతట తనే పెచ్చులూడిపోతుంది, పడవలు బయటపడతాయి, తన మీదికి మాట రాదు అనుకున్నాడు. పాపం, ఒకటి మరిచాడు. ఆ గీతలు కూడా గాట్లే. గోరంత లోతున్న ప్రతి పడవా సున్నాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. మిగతా గదుల్లో పెచ్చులూడాయి గానీ ఆ గోడ చెక్కుచెదరలేదు.

పోయిన నెల ఆ గదిలోకి ఒకావిడ వచ్చింది. చేతిలో మడతల దగ్గర చిరిగిన కాగితం. వాళ్ల నాన్న చిన్నప్పుడు ఆ గోడకి కాగితం ఆనించి, పెన్సిలు రుద్ది తీసుకున్న పడవ బొమ్మ. ఆ పడవ గీసింది ఆయన తాతట. ఆవిడ నాలుగు గోడలూ వెతికి, చివరికి సముద్రం వైపు గోడ మీద చెయ్యేసి తాతయ్యనే అడిగింది.

"పెద్దాయనా, ఇక్కడ పడవలుండాలి. ఎక్కడున్నాయో తెలుసా?"

తెలీదమ్మా అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"నీ చెయ్యి కిందే ఉన్నాయమ్మా. నేనే కప్పేశాను," అన్నాడు. ఉలి గాట్లు పెట్టని సంగతి కూడా దాచలేదు.

"మళ్లీ తియ్యలేరా?"

"గోకితే గీతలు కూడా దాంతోపాటే రాలిపోతాయమ్మా."

ఆవిడ అరచేత్తో గోడని ఒకసారి నిమిరింది. తర్వాత తాతయ్య భుజం తట్టి, "పోన్లెండి పెద్దాయనా, మీరు మాత్రం ఏం చేస్తారు," అంది.

తను రాసిన ఈ కథని ఇక్కడిదాకా పిడుగు తాతయ్యకి చదివి వినిపించింది. తాతయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"ఆవిడ అలా అనలేదు. నా మొహం కూడా చూడకుండా వెళ్లిపోయింది. నువ్వూ అక్కడే ఉన్నావు కదే. అది కొట్టేసి, జరిగింది రాయి."